చంద్రుడి మీద వన్స్ మోర్

పుంగనూరు కదిరప్ప గొంతెత్తితే పద్యం కుప్పందాకా వినబడుతుందని ఒకప్పుడు జనం చెప్పుకునేవాళ్లు. జనం మాటలకేం గానీ, పద్యం అయిన మరుక్షణం "వన్స్ మోర్" అని కేకలు పడటం మాత్రం నిజం. నాటకాల్లో అదొక చట్టం. వన్స్ మోర్ పడిందంటే యుద్ధంలో చచ్చి పడున్నవాడు కూడా లేచి, పంచె దులుపుకుని, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చావాల్సిందే. బైరెడ్డిపల్లెలో కదిరప్ప ఒకే నాటకంలో అట్లా మూడుసార్లు చచ్చాడు.

తర్వాత సినిమా టెంట్లు వచ్చాయి. పిలిచేవాళ్లు తగ్గిపోయారు. కదిరప్ప పొట్టి ఆవుల్ని మేపుకుంటూ, వాటికే పద్యాలు వినిపిస్తూ ఏళ్లు వెళ్లదీశాడు. ఆవులు బుద్ధిగా వింటాయి గానీ వన్స్ మోర్ అనవు కదా. కన్ను మూసేలోగా ఆ మాట ఇంకొక్కసారి చెవిన పడాలని అతని కోరిక. ఎవరితోనైనా చెబితే నవ్వుతారని లోపలే దాచుకున్నాడు.

అందుకే 1979లో మేనకోడలు శాంతకుమారి వచ్చి, "మామా, నాటకం రాసినాను, నువ్వు ఎయ్యాల" అన్నప్పుడు, కథేమిటని కూడా అడగకుండా సరేనన్నాడు. తల్లి పోయాక ఆ పిల్ల అతని ఇంట్లోనే పెరిగింది. ఇప్పుడు మదనపల్లెలో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరు. కుప్పంలో సైన్సు ఎగ్జిబిషన్ జరిగే సాయంత్రం ఆడే నాటకం అది. చంద్రుడి మీద మనుషులు ఊరు కట్టుకున్నారట. అక్కడ ఎండ ఎన్నడూ పడని గుంతల్లో మంచు ఉండొచ్చని కొందరు శాస్త్రజ్ఞుల అంచనా. ఆ నీళ్లకోసం ఒక ముసలాయన, ఒక కుర్రాడు తవ్వుకుంటూ పోతారు.

"ఆడికి పోయినా నీళ్లకు తవ్వేదేనా మన బతుకు?" అని కదిరప్ప పగలబడి నవ్వాడు.

మొదటి రిహార్సల్ ఆదివారం మదనపల్లె స్కూల్లో. పుంగనూరు నుంచి చాంద్ బాషా కూడా వచ్చాడు. వృత్తికి దర్జీ, ప్రాణానికి హార్మోనియం. కదిరప్ప గొంతుకు ఆ పెట్టె ఇరవై ఏళ్ల తోడు. చంద్రుడి మీద వేసుకునే తెల్లటి దుస్తులు అతనే కుట్టాడు. వెదురు గంపలకు కాగితం గుజ్జు పట్టించి, ముఖం కనబడేలా కోసి, రెండు హెల్మెట్లు కూడా చేశాడు. కుర్రాడి వేషం స్కూల్లో డ్రాయింగ్ మాస్టరు చెంగల్రాయుడిది.

కదిరప్ప గంప నెత్తిన పెట్టుకుని స్టేజీ మధ్యకు వచ్చి నిలబడ్డాడు. బాషా శ్రుతి అందుకున్నాడు. "నేనెవరనగా" అని కదిరప్ప రాగం తీశాడో లేదో, శాంతకుమారి చెయ్యి అడ్డం పెట్టింది.

"మామా, ఆడ గాలి లేదు."

"లేకుంటే?"

"గాలి లేకుంటే సద్దు పోదు. నువ్వెంత పాడినా పక్కనుండేవానికి ఇనపడదు. బట్టల్లో రేడియోలు ఉంటాయి, అవి సెడిపోతాయి. కతలో గండం అదే."

"రాసేది నువ్వే గదమ్మా. గాలి ఉండాదని రాసేయ్."

"ఒక్క అబద్దం సెప్తాండాం మామా, మనుషులు ఆడ ఊరు కట్టుకున్యారని. మిగిలిందంతా నిజమైతేనే జనం ఆ ఒక్కటి నమ్మేది."

అక్కడ పట్టపగలు కూడా ఆకాశం నల్లగా ఉంటుందంటే కదిరప్ప తలూపాడు. జెండా రెపరెపలాడదంటే తలూపాడు. తవ్వి పోసిన మట్టి దుమ్ములా తేలకుండా నేరుగా నేలకు దిగుతుందన్నా తలూపాడు. పద్యం దగ్గరే మంకుపట్టు పట్టాడు.

శాంతకుమారి అతన్ని సైన్సు గదికి తీసుకుపోయింది. గాజు జాడీలో కరెంటు గంట ఒకటి వేలాడుతోంది. స్విచ్ వేస్తే ఖంగున మోగింది. ఆమె పంపుతో జాడీలో గాలి లాగుతూ పోయింది. మోత సన్నగిల్లి, సన్నగిల్లి, ఈగ రొదలా మిగిలి, అదీ పోయింది. లోపల సుత్తి మాత్రం గంటను కొడుతూనే ఉంది.

కదిరప్ప చాలాసేపు చూశాడు. తన ఇన్నేళ్ల బతుకు ఆ జాడీలో కనబడింది అతనికి.

"పాపం, కొడతానే ఉండాదే" అని, గంప బాషా చేతిలో పెట్టి పుంగనూరు బస్సెక్కేశాడు.

శాంతకుమారికి ఆ వారమంతా అన్నం సహించలేదు. మామకు బదులు ఇంకొకరిని పెట్టడం ఆమె వల్ల కాదు. చంద్రుడి మీద గాలి పెట్టడం అంతకన్నా కాదు. ఏమీ తోచక పుస్తకాలు ముందేసుకుంది. ఆదివారం పొద్దున్నే మామ ఇంటికి వచ్చింది. అతను నులక మంచం మీద పడుకుని అలక నటిస్తున్నాడు.

"మామా, మంచం కోడుకు సెవి ఆనించు" అంది.

అయిష్టంగానే ఆనించాడు. ఆమె అవతలి కొసన గోటితో కర్రను గీకింది. ఎద్దు కొమ్ము రుద్దుకున్నంత గట్టిగా వినబడింది.

"సద్దుకు గాలే కావాల్సిన పని లేదు, గట్టి వస్తువైనా సాలు. గంపా గంపా తాకినాయంటే నువ్వు పాడింది ఆ పిల్లోనికి ఇనపడతాది. వాడు బయంతో వణికిపోతాంటాడు. సాయం వచ్చేదాకా వానికి దైర్యం సెప్పాల్సింది నీ పద్యమే."

కదిరప్ప లేచి కూర్చున్నాడు. ఒక్క మనిషి కోసం పాడటం అతనికి కొత్త. కానీ ఆ ఊహ బాగుంది.

"నా పెట్టెకు గూడా ఏందైనా దావ సూడమ్మా" అన్నాడు అప్పుడే గడప దగ్గరికి వచ్చిన బాషా. దారి దొరకలేదు. చివరికి, స్టేజీ ఎక్కే ముందు తెర వెనక కదిరప్ప చెవిలో ఒక్క శ్రుతి ఊది పంపేలా ఒప్పందం కుదిరింది.

కుప్పంలో జనం విరగబడి వచ్చారు. తెలుగు, అరవం, కన్నడం కలిసిన ఊరు. చంద్రుడి మీద గాలి లేదనీ, వీళ్ల రేడియోలు చెడిపోయాయనీ శాంతకుమారి మైకులో చెప్పాక నాటకం మొదలైంది. నల్లటి తెర ముందు ఇద్దరు తవ్వుతున్నారు, పలుగు రాయికి తగిలినా చప్పుడు రాకుండా మెత్తగా. నోళ్లు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ముందు నవ్వులు వచ్చాయి. తర్వాత నవ్వులు ఆగాయి. చెంగల్రాయుడు గుంతలో కాలిరుక్కుని పడిపోయి, పిచ్చిగా అరుస్తున్నట్టు నోరు తెరిచాడు. కదిరప్ప పాక్కుంటూ పోయి తన గంపను వాడి గంపకు ఆనించాడు.

అప్పుడు పద్యం లేచింది. మబ్బన్నది లేని చోట మబ్బును పిలిచే పద్యం. హార్మోనియం లేదు, తబలా లేదు. బిడ్డను జోకొట్టే తండ్రిలా పాడాడు కదిరప్ప. అంత మెల్లగా అతను ఎన్నడూ పాడలేదు, అంత బాగానూ పాడలేదు. అయిపోయాక తల వెనక్కి తీసుకున్నాడు. టక్కున నిశ్శబ్దం.

వెనక వరసల్లోంచి ఎవరో అరిచారు.

"వన్స్ మోర్."

దానికి ఇంకొకటి తోడైంది. తర్వాత ఈలలు, చప్పట్లు. మూడు భాషల జనానికీ ఆ మాట ఒకటే. కదిరప్ప చెవిన అది మళ్లీ పడింది. ఎన్నేళ్లయింది! గొంతు తనంతట తానే పైకి లేస్తోంది. తెర పక్కన శాంతకుమారి కళ్ల నీళ్లతో రెండు చేతులూ ఊపుతోంది, పాడు మామా, పాడు అని. చంద్రుణ్ణి గాలికి వదిలేసింది ఆ పిల్ల. బాషా అయితే పెట్టె ఒళ్లోకి లాక్కుని సిద్ధంగా ఉన్నాడు.

కదిరప్ప పాడలేదు. ఏమీ వినబడని మనిషిలా, కుర్రాడి కాలు చుట్టూ మట్టి తీస్తూ ఉండిపోయాడు.

కేకలు ఇంకాస్త పెరిగాయి. అంతలో ముందు వరసలో ఒక ముసలమ్మ వెనక్కి తిరిగి చెయ్యెత్తింది.

"ఊరుకోండప్పా. ఆడ గాలి లేదంట. ఆయప్పకు మన మాట యాడ ఇనపడతాది?"

వరస తర్వాత వరస సద్దుమణిగింది. చంటిబిడ్డల్ని కూడా తల్లులు ఊరుకోబెట్టారు. నాటకం అయ్యేదాకా ఆ మైదానంలో ఎవ్వరూ దగ్గలేదు.

తెర పడ్డాక శాంతకుమారి పరుగెత్తుకొచ్చి మామ చేతులు పట్టుకుంది.

"యాల పాడలేదు మామా? నేనే పాడమంటి గదా. అంతమంది అరిస్తే నీకు ఇనపడలేదా?"

కదిరప్ప గంప తీసి పక్కన పెట్టాడు. ముఖమంతా చెమట, కళ్ల కింద మాత్రం చెమట కాదు.

"ఇనపడిందమ్మా. ఒక్కటి గూడా పోకుండా అన్నీ ఇనపడినాయి" అన్నాడు. "ఆ ముసిలోనికే ఇనపడలేదు."