చుట్టాలు లేని గీత

పెద్ద మైక్రోస్కోపు మీద వంగగానే సీతాలక్ష్మికి ఒక వెలుతురు చుట్టకు బదులు రెండు కనిపించాయి. తల ఎత్తి చూసింది. కళ్ళు ఆనించే గొట్టాలు రెండూ దగ్గరికి జరిపి ఉన్నాయి. ఆ గొట్టాల నడుమ దూరం అంటే ఇన్నాళ్ళూ తన కళ్ళ నడుమ దూరమే. వాటిని కదిలించే పని ఎవరికీ పడలేదు. సన్నటి ముఖం గల మనిషెవరో ఈ కుర్చీలో కూర్చుని లేచిపోయారు.

ఆ మేడగదిలో సన్నటి ముఖం ఒకటే ఉంది. అది గోడవైపు చిన్న మైక్రోస్కోపు ముందు కూర్చుని, ఏమీ ఎరగనట్టు గాజుపలక మీది నూనె తుడుస్తోంది.

"ఏమ్మే దిల్షాదూ, ఈడ ఎవురు కూర్చున్నారు?"

"నేనే అక్కా. నువ్వు రాకముందే నాకొకటి దొరికింది. పెద్దదాంట్లో పెట్టి చూపీమన్న్యాడు సారు. ఎప్పట్లా ఒక కన్ను మూసుకుని శానా సేపు చూసినాడు. చూసి, 'అబ్బా' అన్న్యాడు."

సీతాలక్ష్మి పనిలో చేరినప్పటి నుంచి సారు ఎన్ని పలకలు చూడలేదు! ఒక్కసారి కూడా 'అబ్బా' అనలేదు. గొట్టాలను మళ్ళీ తన కళ్ళకు సరిపోయేలా జరుపుకుంది.

అది ప్రొద్దుటూరు. పంతొమ్మిది వందల అరవై, ఎండాకాలం. బంగారు అంగళ్ళ వెనక వీధిలో సీతాపతి సారు ఇల్లు. ఆయన కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. బొంబాయిలో ఆయనతో చదివినవాళ్ళు పెద్ద పరిశోధన చేస్తూ, అందులో కొంత పని ఆయనకు పంపేవారు. పనంటే గాజుపలకలకు అతికించిన జెలటిను పొరలు. ఫోటో ఫిల్ముకు పూసే మందు లాంటిదే, కాకుంటే మందంగా ఉంటుంది. వాటిని అమెరికాలో కణాలు చిమ్మే ఒక యంత్రం ముందర పెట్టి, కడిగి తెచ్చారు. కణం పోయిన దారి పొరలో నల్లటి గీతగా మిగులుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలు గనుక, ఒక పొరలో బయలుదేరిన గీత దాని అడుగున ఆగిపోక, కింది పొరలోకి దిగి సాగిపోతుంది. చెమ్మ తగిలితే పొర ఉబ్బుతుందని ఆ గదిలో ఎంత ఎండైనా వట్టివేళ్ళ తడి తట్టీలు కట్టనిచ్చేవాడు కాదు సారు. మంచినీళ్ళ కుండ కూడా గడప బయటే.

ఆ పొరలోకి బరువైన మేసాను అనే కణం దూరుతుంది. నెమ్మదించే కొద్దీ దాని గీత లావవుతుంది. చివరకు ఆగి, ఆగినచోటే చచ్చిపోతుంది. చచ్చినచోటు నుంచి సన్నటి గీత ఒకటి లేస్తుంది. దాన్ని ఆ గదిలో బిడ్డ అనేవాళ్ళు. బిడ్డ చాలాసార్లు మ్యూయాను అనే కణమే. అది కొంతదూరం పోయి తనూ లావై ఆగిపోతుంది. ఒక్కోసారి ఎలక్ట్రాను. అది లావు కాదు, చివరిదాకా నూలుపోగులా ఊగుతూ పోతుంది. ఎలక్ట్రానుతో పాటు కనబడని తోడు మరొకటి ఉండి, వేగంలో వాటా తీసుకుంటుంది. ఆ తోడు లేకుండా వేగమంతా తనే మోసుకుపోయే ఒంటరి ఎలక్ట్రాను దాదాపు పుట్టదని, రెండేళ్ళ కిందట వచ్చిన సిద్ధాంతం చెబుతోంది.

"మన పొరల్లో ఒంటరిది కనిపించిందంటే ఆ సిద్ధాంతానికి మూడినట్టే. కనపడకపోతే అది నిలబడినట్టు" అని సారు మొదటిరోజే చెప్పాడు.

"కనపడకపోవడానికి వెతకడం ఏంది సార్?" అని సీతాలక్ష్మి నవ్వింది.

"అదీ పనే అమ్మా. కాకపోతే బాగా వెతికి కనపడకుండా పోవాల. వెతక్కుండా కనపడకపోతే లాభంల్యా."

ఆ పని కోసం ఆమె అన్న రామకృష్ణ ఇంటి నుంచి రోజూ నడిచి వచ్చేది. అన్న ఇంట్లో ఆమెకంటూ ఒక చోటు లేదు. అందరూ పడుకున్నాక మిగిలిన జాగాలో చాప వేసుకునేది. అంతకు ముందు పులివెందులలో ఆమెకు కాపురం ఉండేది. మొగుడు తాలూకాఫీసు గుమాస్తా. ఒకనాడు ఆమె పుట్టింటి నుంచి తిరిగి వెళ్ళేసరికి, ఆమె పీటమీద ఇంకొకతె కూర్చుని బియ్యం ఏరుతోంది. సీతాలక్ష్మి గడప దాటకుండానే వెనక్కి తిరిగింది. ఆ తర్వాత ఆమె తనది అనుకున్నది ఏదైనా ఉందంటే, కిటికీ పక్కన ఉన్న ఈ కుర్చీయే.

దిల్షాద్‌బీ వచ్చి ఏడాది కాలేదు. జమ్మలమడుగులో వాళ్ళ నాయన మక్బూల్‌కు సైకిలు షాపు ఉంది. పిల్ల రోజూ మొదటి బస్సుకు వస్తుంది. పలక మీద నూనెచుక్క ఎట్లా వేయాలో, వరుస తప్పకుండా ఎట్లా చూడాలో సీతాలక్ష్మే నేర్పింది. అన్నిటికంటే ముఖ్యంగా చుట్టాలను చూసుకోవడం నేర్పింది. ఒక గీత పొర అడుగుకు చేరి, కింది పొరలో లేచేటప్పుడు దాన్ని గుర్తుపట్టడం కష్టం. ఆ చుట్టుపక్కల గీతలు ఎన్నో ఉంటాయి. అందుకని మన గీతకు ఆపక్క ఈపక్క ఉన్న నాలుగైదు గీతలను గుర్తుపెట్టుకోవాలి. కింది పొరలో ఆ చుట్టాలన్నీ అదే వరుసలో, అదే ఎడంతో కనిపించాలి. వాటి నడుమ ఉన్నదే మనది.

"పెండ్లికొచ్చిన గుంపులో మన పిల్లను ఎట్లా కనిపెడతావు? పక్కన మేనత్త ఉందా, పినతల్లి ఉందా అని చూస్తావు గదా. అంతే" అని చెప్పింది అప్పుడు. దిల్షాద్ పకపకా నవ్వింది. మరుసటి వారానికే అక్క కంటే జోరుగా చూడసాగింది. అప్పుడే సీతాలక్ష్మికి కొంచెం గుచ్చుకుంది.

ఇప్పుడు గుచ్చుకోవడం కాదు, మంటే.

పన్నెండు గంటలప్పుడు సారు తల్లి నాగరత్నమ్మ కాఫీ తెచ్చింది. ఎప్పుడూ సీతాలక్ష్మికి ఇత్తడి గ్లాసు, దిల్షాద్‌కు కిటికీలో విడిగా బోర్లించి ఉండే గాజుగ్లాసు. ఆ రోజు ముసలామె రెండూ ఇత్తడివే తెచ్చి, గాజుగ్లాసును కిటికీలోంచి తీసి మూలన పెట్టింది.

"ఇదేంది అవ్వా?" అంది సీతాలక్ష్మి ఉండబట్టలేక.

"మా సీతాపతి ఇంత సంతోషపడి ఎన్నాళ్ళయిందే. ఈ పిల్ల చేతిచలవ. ఏం, నీ మొగం అట్లా మాడిపోయిందే?"

"ఎండ అవ్వా."

"కిటికీ కాడ కూర్చుంటివి గదా. దిల్షాదును కూర్చోబెట్టు, నువ్వు నీడకు పో" అని నవ్వుకుంటూ దిగిపోయింది ముసలామె.

సారు మధ్యాహ్నం కాలేజీ నుంచి పరుగున వచ్చాడు. "సీతమ్మా, దొరికిందానికి నూలుపోగు మాదిరి బిడ్డ ఉంది. ఒంటరి ఎలక్ట్రాను కావచ్చు, కాకపోవచ్చు. కనిపెట్టినవాళ్ళే సరిచూడకూడదు, మన కట్టుబాటు నీకు తెలుసు. కింది పొరల్లో దాని వెంబడి నువ్వు పో. నువ్వు సరే అంటే, ఇంక దిల్షాదు పెద్ద మైక్రోస్కోపు కాడ కూర్చుని దాని ఊగులాట అంతా కొలిచి, వేగం ఎంతో తేల్చాల. రెండు మూడు నెలల పని."

"మరి నేను?"

"చిన్నదాంట్లో చూస్తా ఉండు. ఏముంది?"

ఏముంది అన్నాడు ఆ మహానుభావుడు. సీతాలక్ష్మి పళ్ళ బిగువున తల ఊపింది.

పొర తర్వాత పొర మార్చింది. మూడో పొరలోకి దిగేచోట గీత కాస్త లావుగా తోచింది. గుండె ఒక్క ఎగురు ఎగిరింది. ఇంకొంచెం పోయింది. గీత ఇంకా లావై, ఆగిపోయింది. మ్యూయాను! రోజూ చూసే మామూలు మ్యూయాను! గడప బయటి కుండలో నీళ్ళు గొంతులో పోసినట్టు చల్లబడింది ఆమె ప్రాణం.

"సార్, మూడో పొరలో ఆగింది. మామూలుదే."

సారు ముఖం వాడిపోయింది. దిల్షాద్ లేచి వచ్చి నిలబడింది.

"అక్కా, చుట్టాలను చూసినావా?"

"నాకు నేర్పేంతదానివి అయినావా? చూసినాలే."

అబద్ధం. మూడో పొరలోకి దిగేటప్పుడు ఆమె ఏ చుట్టాన్నీ చూడలేదు. లావు గీత కనిపించగానే దాని వెంట పడిపోయింది.

దిల్షాద్ ఆమె కళ్ళలోకి చూసి, "నువ్వు చూసినానంటే సరేలే అక్కా" అంది. అని తన సంచి తీసుకుని సాయంత్రం బస్సుకు పోయింది. నాగరత్నమ్మ ఖాళీ గ్లాసులు తీసుకుపోతూ, గాజుగ్లాసును తిరిగి కిటికీలో బోర్లించింది.

మరునాడు సీతాలక్ష్మి అందరికంటే ముందు వచ్చింది. కుర్చీ తనది, గొట్టాలు తన కళ్ళకు సరిగ్గా ఉన్నాయి. మూడో పొర పెట్టి ఆ లావు గీతను మళ్ళీ చూసింది. గెలిచిన పందేన్ని తలచుకున్నట్టు, ఊరికే. చూస్తూ వెనక్కి, గీత దిగినచోటుకు వచ్చింది. చేతులు అలవాటు కొద్దీ పలకను కొంచెం అటూ ఇటూ జరిపాయి.

చుట్టాలు లేరు.

రెండో పొర అడుగున బిడ్డ పక్కన ఒక ఏటవాలు గీత, ఇంకొక పంగల గీత ఉన్నాయి. ఇక్కడ ఆమె పట్టుకున్న లావు గీత పక్కన అవి లేవు. ఎక్కడినుంచో వచ్చిన పరాయి గీత అది. పలకను ఇంకా పక్కకు జరిపింది. ఏటవాలుది కనిపించింది. పంగలది కనిపించింది. వాటి నడుమ, పెద్దల మధ్య తలవంచుకుని నడిచే పిల్లలాగ, నూలుపోగు గీత. ఊగుతూ పోతోంది. పొర చివరిదాకా లావు కాలేదు.

దిల్షాద్ కన్ను సరైనది. తన కన్నే తప్పింది.

సీతాలక్ష్మి నోరు విప్పకపోతే ఇది ఎవరికీ తెలీదు. సారు దాన్ని మామూలు వాటిలో కలిపేశాడు. పైగా సిద్ధాంతం కూడా అది ఉండదనే అంటోంది. ఆ లెక్క కట్టినవాళ్ళెవరో ఆమెకు తెలీదు కానీ, ఈ ప్రొద్దుటూరు మేడ మీద వాళ్ళ పక్షాన తనంత గట్టిగా నిలిచే మనిషి లేదు. కాకపోతే, 'బాగా వెతికి కనపడకుండా పోవాల' అన్న మాట ఒకటుంది. ఇంకో మాట కూడా ఉంది. 'నువ్వు చూసినానంటే సరేలే అక్కా.' ఆ పిల్ల ఎదురు తిరిగి ఉంటే బాగుండేది. పోట్లాడి ఉంటే ఇంకా బాగుండేది. నమ్మి పోయింది. నమ్మడంలో కూడా అది తనకంటే ఒక మెట్టు పైనే ఉంది, పాడు పిల్ల!

మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. దిల్షాద్ లోపలికి వచ్చి, ఆకులో చుట్టిన కనకాంబరాల మాల ఆమె ముందు పెట్టింది. "అమ్మ ఇచ్చింది, నీకియ్యమని."

సీతాలక్ష్మికి ఆ మాల చూసి ఏడుపు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి.

"పిలువు సారును" అంది.

సారు వచ్చాడు. వెనకే ఏం జరిగిందోనని నాగరత్నమ్మా వచ్చింది.

"సార్, నిన్న నేను చుట్టాలను చూడలా. పరాయి గీత వెంబడి పోయినా. అసలుది సన్నగానే పోతాంది. ఎలక్ట్రానే."

"నిన్న చూసినానంటివి గదమ్మా?"

"అబద్ధం సెప్పినా."

"ఎందుకు?"

"ఈ కుర్చీ పోతాదని."

ముసలామె తలుపు పట్టుకుని, "ఎండ అంటివి కదే!" అంది.

సారు ముక్కు మీది కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సరే. ఒప్పుకున్నావు, చాలు. పెద్దదాని మీద నీ చెయ్యి అలవాటైంది. కొలత నువ్వే చెయ్యి, కుర్చీ మారే పనిల్యా."

సీతాలక్ష్మి లేచి నిలబడింది. "వద్దు సార్. నేను కొలిస్తే వేగం తక్కువే వస్తాది. రావాలని ఉంది నాకు. నా చెయ్యి నా మాట వినదు. దాని గీత అదే కొలుచుకోనీ." దిల్షాద్ వైపు తిరిగింది. "రా, కూర్చో. గొట్టాలు జరుపుకో. నిన్న నన్ను అడక్కుండా జరిపితివి, ఈ పొద్దు అడిగి జరుపు."

"జరపనా అక్కా?" అంది దిల్షాద్ భయంగా.

"జరుపు."

ఆ ఎండాకాలమంతా సీతాలక్ష్మి గోడవైపు తిరిగి చిన్న మైక్రోస్కోపులో చూసింది. వీపు వెనక పలకను జరిపే మర కిర్రుమన్న చప్పుడు వినబడితే చాలు, ప్రాణం అటే పోయేది. ఆ మర ఎంత తిప్పితే ఎంత జరుగుతుందో తన వేళ్ళకు తెలుసు. ఆ పిల్ల మరీ మెల్లగా తిప్పుతోందని విసుక్కునేది. మెల్లగా తిప్పడమే సరైనదని తెలిసి ఇంకా విసుక్కునేది. తక్కువ రానీ, తక్కువ రానీ అని కనిపించిన దేవుడికల్లా మొక్కుకుంది. మొక్కుతూనే, తను చూసే పలకల్లో చుట్టాలను మాత్రం ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంది.

తొలకరి రాకముందే లెక్క తేలింది. అది ఎలక్ట్రానే, కానీ ఒంటరిది కాదు. ఉండాల్సినంత వేగం లేదు. కనబడని తోడు తన వాటా తీసుకుంది. సిద్ధాంతానికి ఏమీ కాలేదు.

"ఒంటరిది మా పొరల్లో కనపడలేదని బొంబాయికి రాస్తా. మీరిద్దరూ వెతికినారని కూడా రాస్తా" అని సారు కిందికి పోయాడు.

దిల్షాద్ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పోయింది అక్కా."

సీతాలక్ష్మికి సంతోషం కలిగింది. కలగలేదని అనుకోవడానికి లేదు. కానీ ఎన్నాళ్ళో దాచుకున్న మిఠాయి నోట్లో వేసుకుంటే చప్పగా ఉన్నట్టుంది.

"పోనీలే. ఇంకా పలకలు ఉండాయి గదా" అంది. ఆ పలకల్లో ఉంటే గింటే తనకే దొరకాలని మనసులో అనుకుంది.

సారు ఆ తర్వాత పెద్ద మైక్రోస్కోపుకు వంతులు పెట్టాడు. ఒకరోజు ఆమె, ఒకరోజు ఈమె. తన వంతు వచ్చినప్పుడల్లా సీతాలక్ష్మికి గొట్టాలు ఇరుకుగా దగ్గరికి జరిగి ఉండేవి. తిట్టుకుంటూ ఎడం చేసుకునేది. సాయంత్రం లేచేటప్పుడు కావాలనే అట్లాగే వదిలిపోయేది. రేపు అదీ జరుపుకుని చావనీ అని.

ఒకరోజు వంగి చూస్తే వెలుతురు చుట్ట ఒకటే ఉంది, గుండ్రంగా, చక్కగా. గొట్టాలు తన కళ్ళకు సరిగ్గా ఎడంగా ఉన్నాయి. ముందురోజు సాయంత్రం పోతూ పోతూ దిల్షాద్ వాటిని అక్క కళ్ళకు జరిపి పోయింది.

సీతాలక్ష్మి తల తిప్పి గోడవైపు చూసింది. దిల్షాద్ తన పలక మీద వంగి ఉంది, తల ఎత్తలేదు.

'ఇది కూడా దీనికే ముందు తట్టింది' అనుకుంది సీతాలక్ష్మి. కడుపు మళ్ళీ భగ్గుమంది. ఆ మంటతోనే రోజంతా పని చేసింది. సాయంత్రం లేచి, గొట్టాలను ఆ పిల్ల సన్నటి ముఖానికి సరిపోయేలా దగ్గరికి జరిపి, ఎవరూ చూడలేదని నిశ్చయం చేసుకుని మెట్లు దిగింది.