తలకట్టు విరిగిన ‘మ’

…పోయినేడాది పుస్తకంలో అయితే అట్ట మీదే కనబడింది, వెతికే పని లేకుండా. అంతకుముందు దానిలో చివరి పేజీ దాకా దొరకలేదు. దొరికేసరికి అన్నం చల్లారిపోయింది. వందల ‘మ’ల మధ్య ఒకే ఒక్కటి, తలకట్టు సగం విరిగింది.

వెంకటాచలంలో హైవే పక్క షెడ్డులో టైటస్ సీసపు అక్షరాలను చేత్తో పేర్చి, మందపాటి కాగితం మీద ఏడాదికి ఒక పుస్తకం వేస్తాడు. నలభై ప్రతులు, అంతే. పదకొండేళ్ళుగా పన్నెండో ప్రతి నాది. పుస్తకం చేతికి రాగానే, చదవడానికంటే ముందు ఆ అక్షరాన్ని వెతుకుతాను.

ఎందుకో ఎవరికీ చెప్పలేదు. చెప్పడం నాకు కష్టం. ‘మ’ దగ్గర నా నోరు ఆగిపోతుంది. మాదేమో మనుబోలు. నెల్లూరులో బస్సెక్కితే కండక్టరుకు ఆ పేరు చెప్పలేక, గూడూరు టిక్కెట్టు తీసుకుని మనుబోలులో దిగిపోతాను. ఇప్పటికీ అంతే. ఆ విరిగిన అక్షరాన్ని మొదటిసారి చూసినప్పుడు వేలితో తడిమాను. పక్కవాటంత లోతుగానే కాగితంలో దిగి ఉంది. దానివల్ల ఆ మాట ఆగలేదు.

ఇవాళ షెడ్డు బయట పంపు దగ్గర నన్ను చూసి టైటస్ నవ్వాడు. ముత్తుకూరు కరెంటు ప్లాంటులో బొగ్గు పరీక్షించే చేతులు నావి. సబ్బుతో మూడుసార్లు కడగనిదే కాగితం ముట్టను.

“ఏంది కృష్ణన్నా అంతసేపు కడిగినావు? ఈడ పుస్తకమే, పెళ్ళి భోజనం కాదు.”

లోపలికి వెళ్ళగానే అరచెయ్యి చాపాడు. “చూడు, దొంగ దొరికినాడు.”

ఆ ‘మ’.

“ఎప్పుడు పట్టుకుందామన్నా వందల్లో కలిసిపోతాది. ఇన్నేళ్ళుగా నా పరువు తీస్తా ఉండాది. నువ్వు చూసే ఉంటావులే, పెద్దమనిషివి గాబట్టి అనలేదు. సాయంత్రం కరిగించేదానికి పంపిస్తా ఉండా.” విరిగిన అక్షరాల డబ్బాలోకి విసిరేశాడు. చప్పుడు చిన్నదే.

ఆ ‘మ’ను పంపొద్దనాలి. అది లేకపోయినా వచ్చే పుస్తకం బాగానే ఉంటుంది. అందరి పుస్తకంలాగా.

“మ…” అన్నాను. “మ… మ…”

టైటస్ ఆగాడు. అందరిలా నా మాటను తాను పూర్తిచేయలేదు. ఎన్నడూ చేయడు. సిరా గుడ్డ చేతిలో పట్టుకుని, నా నోటి వంక కాకుండా కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు. ఇన్నేళ్ళూ ఈ షెడ్డుకు పుస్తకాల కోసమే వస్తున్నాననుకున్నాను.

మాట రాలేదు. కడిగిన చేతిని ఆ సీసపు మురికిలోకి పోనిచ్చాను. విరిగిన అంచును వేలితో గుర్తుపట్టి, బయటికి తీసి, అతను చూస్తుండగానే అక్షరాల గళ్ళపెట్టెలో ‘మ’ల గడిలో వేశాను.