సిగ్నల్ పోయినప్పుడు

"ఈసారైనా రింగులు సరిగ్గా వెయ్యి," అని చెప్పి భర్త సబ్‌మెరైన్‌ని వంటగది గట్టు మీద, కడిగిన గిన్నెల పక్కన పెట్టి వెళ్ళాడు. రిమోట్‌తో నడిచే ఆ బొమ్మ పడవ చంటిపిల్లంత పొడవుంటుంది. అడుగున పార్కు కొలనులోని బురద ఇంకా అంటుకునే ఉంది. బొమ్మ పడవల క్లబ్బు వాళ్ళందరి ముందూ అది మళ్ళీ మునిగి, పైకి రానని మొరాయించింది. చివరికి తాడుకి కొక్కెం కట్టి లాగారు. మునగడం దాని పనే, కాదనడం లేదు. తేలడం కూడా దాని పనే కదా.

దాని పొట్టలో పెద్ద సిరంజీ లాంటి బ్యాలస్ట్ ట్యాంకు ఉంటుంది. మోటారు పిస్టన్‌ని వెనక్కి లాగితే నీళ్ళు లోపలికొచ్చి పడవ మునుగుతుంది, ముందుకు తోస్తే నీళ్ళు బయటికిపోయి తేలుతుంది. పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు రింగుల్లోంచి నీళ్ళు కారితే పడవ లోపల నిండి ఇక తేలదు. క్లబ్బులో ఆయన్ని కమాండర్ అంటారు. తన పడవను తనే విప్పి బిగించుకుంటాడని అక్కడందరి నమ్మకం. అది బుద్ధిగా నడిచిన రోజున కమాండర్ పనితనం. మునిగిన రోజున మాత్రం "మా ఆవిడ చెయ్యి పడింది లెండి" అంటాడు. అందరూ నవ్వుతారు. టిఫిన్ డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్న మిగతా భార్యలూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారు, ఇంటికొచ్చాక దానికి వేరే పంచాయితీ.

ఆమెకి ఈ పని కొత్త కాదు. పెళ్ళయిన కొత్తలో కూడా ఆసుపత్రి పరికరాల రిపేరు గదిలో ఉద్యోగం చేసింది. రోగికి మందును చుక్క చుక్కగా ఎక్కించే సిరంజీ పంపులు ఎన్ని విప్పిందో లెక్కలేదు. అత్తగారి మోకాళ్ళ ఆపరేషన్ అప్పుడు "కొన్నాళ్ళు మానెయ్, తర్వాత చూద్దాం" అన్నాడు భర్త. ఆ కొన్నాళ్ళు ఇంకా అవలేదు. అత్తగారు మాత్రం పార్కు చుట్టూ చక్కగా నడిచొస్తున్నారు.

మధ్యాహ్నం గిన్నెల పని ముగించి స్నానాల తొట్టి తోమి నీళ్ళు పట్టింది. పడవ విప్పింది. రింగులు తీసి, తుడిచి, వేలితో చుట్టూ తడిమి చూసింది. గాటు లేదు, ఉబ్బు లేదు. సిలికాన్ గ్రీజు పలచగా రాసి మళ్ళీ తొడిగింది. ట్యాంకు చుట్టూ పొడి కాగితం చుట్టి, మూత పెట్టి, ముంచి తీసి చూస్తే కాగితం పొడిగానే ఉంది. పోయినసారీ ఇంతే, అంతకు ముందూ ఇంతే. ఇంట్లో ఏ లోపమూ దొరకదు, కొలనులో మునుగుతుంది. ఇలా జరిగీ జరిగీ ఆమెకి తన చేతుల మీదే నమ్మకం పోయింది. గ్యాస్ కట్టేసి వచ్చి మళ్ళీ వెళ్ళి చూస్తుంది. తాళం వేసి లాగి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్ళీ లాగుతుంది. ఒకప్పుడు తను బిగించిన పంపు మనుషుల నరాల్లోకి మందు పంపించేదంటే ఇప్పుడు తనకే నమ్మబుద్ధి కాదు.

పడవని నీళ్ళలో వదిలి రిమోట్ అందుకుంది. కొత్త రిమోట్ అది, వేలితో అటూ ఇటూ తోసే పుల్లలున్నది. "ముంచి తేల్చే ఈ పుల్ల ఒక్కటి తప్ప ఇంకేదీ ముట్టుకోకు, సెట్టింగులు పోతాయి" అని ఆజ్ఞ. ముంచింది, తేల్చింది. అటూ ఇటూ కాకుండా నీళ్ళ మధ్య నిలబెట్టింది. ఆమెకి చాలా ఇష్టమైన క్షణం అది. పడవ పైకీ పోదు, కిందికీ పోదు, ఊరికే ఉంటుంది. ఇంట్లో ఊరికే ఉండనిచ్చేది ఆ ఒక్కదాన్నే.

అంతలో అత్తగారు టీ అని కేక వేశారు. పడవని పైకి తేల్చి, ఎప్పటిలా తొట్టిలోంచి తీయకుండానే, బ్యాటరీ దండగని రిమోట్ ఆపేసి లేచింది. ఫ్యాను, లైటు, గీజరు, ఏది కనిపించినా ఆపడం ఆమెకి పెళ్ళయ్యాక వచ్చిన అలవాటు. గుమ్మం దాటబోతుంటే వెనక సన్నగా మోటారు చప్పుడు వినిపించింది. తిరిగి చూసేసరికి పడవ నీళ్ళు తాగుతూ నెమ్మదిగా తొట్టి అడుక్కి చేరుతోంది. ఎవరూ ముంచలేదు.

రిమోట్ ఆన్ చేసింది. కాసేపటికి తేలింది. ఆపింది. మళ్ళీ మునిగింది.

విషయం అర్థమయ్యేసరికి ఒళ్ళంతా తేలికైంది. రిమోట్ ఆగి సిగ్నల్ పోతే ఏం చెయ్యాలో ఇలాంటి పడవలకి ముందే నేర్పి పెడతారు. ట్యాంకు ఖాళీ చేసుకుని పైకి వచ్చెయ్ అని నేర్పాలి. పుల్లను తేల్చే వైపు పట్టుకుని రిమోట్ మీది బటన్ నొక్కితే పడవ అది గుర్తుపెట్టుకుంటుంది. కొత్త రిమోట్ కొన్నరోజు కమాండర్ గారి బొటనవేలు ముంచే వైపు ఉన్నట్టుంది. ఆ వేలు ఎటుందో చూసుకోకుండా బటన్ నొక్కేశాడు. కొలనులో లోతుకి వెళ్ళి సిగ్నల్ అందకపోయిన ప్రతిసారీ ఆ పడవ చెప్పిన మాట తు.చ. తప్పకుండా పాటించింది.

ఆమెకి కోపం రాలేదు. సంతోషం వచ్చింది. చిక్కుముడి విప్పిన సంతోషం ఎవరికైనా చెప్పుకోవాలనిపిస్తుంది కదా. తడి చేతులతోనే హాల్లోకి పరుగెత్తింది.

భర్త ఫోన్‌లో ఉన్నాడు. క్లబ్బు కార్యదర్శి కాబోలు. "రింగులు మా ఆవిడకి వదిలేశాను, అదీ నా బుద్ధితక్కువ," అంటూ నవ్వుతున్నాడు. ఆమెని చూసి ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టాడు.

"అయిందా?"

"ఏం జరిగిందో తెలుసా అండీ, నేను రిమోట్ ఆపేసి..."

"అయిందా లేదా చెప్పు. కథలొద్దు."

అత్తగారు టీ ఏదన్నట్టు చూశారు. ఆమె వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టి, ఇచ్చి, మళ్ళీ తొట్టి దగ్గరికి వచ్చింది.

పుల్లను తేల్చే వైపు పట్టుకుని బటన్ నొక్కితే చాలు, అయిపోతుంది. పడవ ఇక మునగదు. ఈసారి రింగులు సరిగ్గా వేసిందని చెప్పుకుంటారు. ఇన్నాళ్ళూ సరిగ్గా వేయలేదన్నది అలాగే మిగిలిపోతుంది. ఇది ఆమెకి తెలియని విద్యేం కాదు. అత్తగారు రెండోసారి ఉప్పు వేసిన కూరలో చప్పుడు కాకుండా బంగాళాదుంప వేసేది. భర్త తప్పుడు తేదీకి తీసిన టికెట్లు తనే మార్పించి, తీరా బయల్దేరేటప్పుడు మాట్లాడకుండా అతని చేతిలో పెట్టేది. ఎవరి తప్పు వాళ్ళకి తెలియకుండా దిద్దీ దిద్దీ, ఆ ఇంట్లో తప్పులు చేసే మనిషి తనొక్కతే మిగిలింది. బొటనవేలు బటన్ మీదే ఉంది. నొక్కాలనిపించలేదు. ఏడుపొచ్చింది.

పడవని తుడిచి, మూత తీసి, ఆ తెరిచిన పొట్టతోనే హాల్లోకి తెచ్చి బల్ల మీద భర్త ముందు పెట్టింది. రిమోట్ పక్కన పెట్టింది. అతను ఫోన్ పెట్టేయలేదు. ఆమె ఆగలేదు.

"ట్యాంకు బాగుంది. రింగులు మొదట్నుంచీ బాగానే ఉన్నాయి. సిగ్నల్ పోతే మునగమని దానికి చెప్పింది మీరు."

అతను పడవ వంకా రిమోట్ వంకా చూశాడు. అవతలి వాళ్ళు వినకుండా ఫోన్‌ని గుండెకి ఆనించుకున్నాడు. "సర్లే, ఇప్పుడేమైంది. సరిచేసి మూత వేసెయ్."

"చెప్పింది మీరు. మార్చాల్సిందీ మీరే. ఎలాగో కావాలంటే చెప్తాను, కాకపోతే మొత్తం వినాలి."

"మరీ ఇంత చిన్నదానికి," అన్నారు అత్తగారు, కప్పు కింద పెడుతూ.

భర్త మళ్ళీ ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆమె కాసేపు నిలబడి చూసింది. వినడని తెలిసే నిలబడింది. తర్వాత గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసి, తన ఫోన్‌లో ఎప్పుడో దాచుకున్న ఒక నంబరు వెతికింది. రిపేరు గదిలో తనకి పై అధికారిగా పనిచేసిన మేడంది. అక్కడ మేడం పెట్టిన పద్ధతి ఒకటుండేది. ఏ పంపు బాగుచేసినా, ఏం చెడిందో, ఎలా పట్టుకున్నావో పక్క మనిషికి నోటితో చెప్పాకే తర్వాతి పంపు ముట్టుకోవాలి. మొదట్లో విసుగ్గా ఉండేది. చెప్పడానికి ఒక మనిషి ఉండటం ఎంత పెద్ద సంగతో అప్పట్లో తెలియలేదు. ఉద్యోగం మానేశాక ఏ ముఖంతో ఫోన్ చేయాలో తెలియక చేయలేదు.

చాలాసేపు మోగింది. పెట్టేద్దామనుకుంటుండగా ఎత్తారు.

"నేను మేడం," అంది. పేరు చెప్పబోయేంతలో ఆవిడే గుర్తుపట్టారు.

"ఏమ్మా, బాగున్నావా? గొంతు అలా ఉందేం?"

"ఒక రిపేరు గురించి చెప్పాలి మేడం. చిన్నదే. మీకు తీరికుంటేనే."

అవతల మూకుడులో ఏదో చిటపటలాడుతోంది.

"ఉండు, స్టవ్ ఆపేసి వస్తాను," అన్నారు మేడం. చిటపట ఆగిపోయింది. కుర్చీ లాక్కున్న చప్పుడైంది. "ఆఁ, కూర్చున్నాను. మొదట్నుంచీ చెప్పు."