ఆటీను ఏడు, సగం

"గీ ఫోన్లన్ని సంచులల్ల వడ్డంక ఎవలింట్ల ఏమన్న అయితే ఎట్ల తెలుస్తది సారూ?" అంది అమీనాబీ, కలావరు రాణిని కత్తెరతో నడుం దగ్గర రెండుగా కోస్తూ.

ప్రేమ్‌సాగర్ స్కోరు కాగితాలకు క్లిప్పులు పెడుతున్నాడు. వికారాబాద్‌లో ఏటా కోట్‌పీస్ పేకాట పోటీలు నడిపేది ఆయనే. తలెత్తకుండానే అన్నాడు.

"ఏంగాదు. పొద్దుగాలనే గా మాటలేంది? ముక్కలు సక్కగ కొయ్యి. పోయినపారి నువ్వు కోసిన రాజుకు తలకాయే లేదు."

"తలకాయ సంచి మీదున్నది సారూ, యాడికి వోలే."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ముక్కను ఎప్పుడూ తిన్నగా కోయదు అమీనాబీ. ఒకదాన్ని మెట్లు మెట్లుగా, ఒకదాన్ని కొడవలి వంపులాగా కోస్తుంది. అప్పుడు దాని జత దానికే అతుకుతుంది. పాత జాకెట్టు గుడ్డలతో తనే కుట్టిన సంచికి సగం పిన్నీసుతో గుచ్చుతుంది. మిగతా సగం ఆటగాడి చేతికిస్తుంది. మొదట్లో ప్లాస్టిక్ బిళ్ళలు ఉండేవి. అవి జేబుల్లో పడి ఇళ్ళకు పోయాయి. సగం పేకముక్కను ఇంటికి పట్టుకుపోయేవాడు ఇంతవరకూ లేడు.

మామూలు రోజుల్లో ఆ ఫంక్షన్ హాల్లో ఊడవడం, చాయ్ పెట్టడం ఆమె పని. పోటీల రోజు మాత్రం గుమ్మం దగ్గర కుర్చీ వేస్తారు. నాలుగేళ్ళ కింద గోడవారన నిలబడి ఆట చూస్తున్న మనిషి ఒకడు ఎదుటివాళ్ళ ముక్కలు చూసి, తనవాడి జేబులో ఫోను వణికించాడట. ఒకసారి వణికితే ఇస్పేటు, రెండుసార్లయితే ఆటీను. కుర్చీలు లేచాయి. పోలీసు జీపు కూడా వచ్చింది. ఇది పైసల ఆట కాదని నమ్మించేసరికి ప్రేమ్‌సాగర్ గొంతు బొంగురుపోయింది. అప్పటినుంచి ప్రతి ఫోనూ ఆపేసి సంచిలో పడాల్సిందే. చాయ్ అందించే అమీనాబీ ఫోను కూడా.

"ఒక్కటి లోపలికి వోయినా, సంచిల ఒక్కటి మోగినా, మళ్ళ నిన్ను పిలువ. హాలు పనికి గూడ ఇంకెవలన్న వస్తరు," అని ప్రేమ్‌సాగర్ నిన్ననే చెప్పాడు.

ఆ పని పోతే ఆమెకు ఇంకో పని లేదు. తాండూరులో బండలు నునుపు చేసే యూనిట్లో పాతికేళ్ళు పనిచేసింది. ఆ తెల్ల దుమ్ము ఛాతీలో కూర్చుంది. స్టేషన్ మెట్లెక్కితే దగ్గు, దిగితే దగ్గు. మొగుడు తాజ్ మొహమ్మద్ గనిలో పని మధ్యన కూలబడి ప్రాణం విడిచినప్పుడు ఆమె ఫోను యూనిట్లో గోడమేకుకు, టిఫిను సంచిలో వేలాడుతోంది. మిషన్ల మోతలో అది మోగిందో లేదో ఎవరూ వినలేదు. సాయంత్రం చేతులు కడుక్కుని చూస్తే తెర నిండా తమ్ముడి పేరే. అప్పటినుంచి ఫోను పక్కన లేకపోతే ఆమెకు అన్నీ చెడ్డ ఆలోచనలే. ఇవాళ కొడుకు ఫైజ్ బండి మీద కరణ్‌కోట పోయాడు. వాన పడ్డ రోడ్డు, ఎదురుగా సిమెంటు లారీలు. జోకరు సగాన్ని తన సంచికి గుచ్చుతూ, లోపలే ఏదో దువా చదువుకుని, సంచి మీద ఊదింది.

ఆటగాళ్ళు రావడం మొదలైంది. అమీనాబీ ఎవరి ముఖమూ చూడదు. చేతులు చూస్తుంది. మనిషి చేయి ఎక్కడికి పోతుందో దాచింది అక్కడే ఉంటుంది. పాండు అనే సెలూన్ ఆయన మేజోడులోంచి ఒక ఫోను తీయించింది. పాన్‌డబ్బా మూత తెరిపించింది.

"నా పొట్ట గూడ కోసి సూస్తవా?" అన్నాడు కొడంగల్ నుంచి వచ్చిన ఇమ్మానుయేలు మాస్టారు.

"కత్తెర చిన్నది సారూ, గంత పొట్టకు సాలది."

వరుసంతా నవ్వింది. ఆ నవ్వులో ఒక చేయి భుజం మీది తువ్వాలును సర్దుకుంది. అమీనాబీ చూసింది.

బొంరాస్‌పేట కిష్టయ్య పటేలు. పొడుగు మనిషి, ఇస్త్రీ ధోవతి, గడ్డం మాత్రం గీసుకోలేదు. పక్కన ఆయన జోడీ మల్లప్ప.

"ఫోను?"

"ఇంటికాడ మర్చిన."

"తువ్వాల ఇటియ్యి పటేలా."

ఆయన ఇవ్వలేదు. మల్లప్పను లోపలికి పొమ్మని సైగ చేసి, పక్కకు జరిగి, తువ్వాలు మడతలోంచి చిన్న బటన్ల ఫోను బయటికి తీశాడు. అది ఆన్‌లోనే ఉంది.

"మా ఇంటామె తాండూరు దవాఖాన్ల ఉన్నది," అన్నాడు నేలను చూస్తూ. "బిడ్డ తానున్నది. ఏమన్న అయితే ఫోను జేస్తనన్నది. గిది బందు చెయ్యలేనమ్మా."

గుమ్మం దగ్గర ఇలాంటి జబ్బులు ఆమె చాలా విన్నది. ఫోను దాచిన ప్రతివాడి ఇంట్లోనూ ఎవరో ఒకరికి ప్రాణం మీదికి వస్తుంది.

"గట్లయితే ఈడికెందుకొచ్చినవ్?"

"ఆమెనే తోలింది. మల్లప్ప ఏడాది సంది ఎదురుజూస్తున్నడు, నా మొకం జూస్కుంట కూసుంటె ఏమొస్తది, పోయి ఆడు అన్నది."

"ఏం పేరు ఆమెది?"

కిష్టయ్య తువ్వాలు చివర మడిచాడు. "భవ్య వాళ్ళమ్మ."

"పేరు అడుగుతున్న."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అటూ ఇటూ చూశాడు. పెళ్ళయిన నాటినుంచి నోట పలకని మాటను పరాయి ఆడమనిషి ముందు పలకాల్సి వచ్చినట్టు, గొంతు సవరించుకుని, గాలితోనే అన్నాడు: "అరుణాదేవి."

అబద్ధం ఆడేవాడికి పేరు ఠక్కున వస్తుందని అమీనాబీకి అనిపించింది. అయినా అనుమానం పూర్తిగా పోలేదు. సరిగ్గా ఇలా నమ్మించడానికే అంతసేపు ఆగాడేమో. ప్రేమ్‌సాగర్ వైపు చూసింది. ఆయన బల్లల దగ్గర ఉన్నాడు. ఆమె ఆటీను ఏడును రంపపు పళ్ళలాగా కోసి సగం ఆయన చేతిలో పెట్టింది. ఫోనును ఆపకుండా, మోత మాత్రం తీసేసి, వణికేటట్టు పెట్టి సంచిలో వేసింది. ఆ సంచిని మేకుకు తగిలించలేదు. చున్నీ కింద, నడుముకు కట్టుకుంది.

"మోగితే నేనొస్త. నువ్వు మాత్రం బయటికి రావద్దు. సారుకు తెలిస్తె నా పని వోతది."

పొద్దంతా ఆమె నడుము దగ్గర ఆ ఫోను చల్లగా ఉంది. చాయ్ పోస్తూ ఆగేది. గోడవారన ఎవరైనా ఎక్కువసేపు నిలబడితే ఆమె చూపు అటే పోయేది. ఇది గనక రెండుసార్లు వణికితే? ఆటీను వెయ్యమని తనతోనే చెప్పిస్తున్నారేమో. కిష్టయ్య ఒక ఆట గెలిచినప్పుడు ఆమె గోడవారన ఉన్నవాళ్ళ చేతులన్నీ చూసింది. కానీ ఆయన ముక్కల వైపు కంటే గుమ్మం వైపే ఎక్కువ చూస్తున్నాడు. ఆమె కనపడగానే చూపు నడుము దాకా వచ్చి వెళ్ళిపోతోంది. అన్నం దగ్గర పప్పు కలుపుకుని అలాగే వదిలేశాడు.

"తిను పటేలా," అంది వంగి, విస్తరి తీస్తున్నట్టు.

"రాలే గద?"

"రాలే."

"రాకుంటె మంచిదే గద?"

ఆమె నీళ్ళ గ్లాసు ఆయన ముందుకు జరిపింది.

చివరి ఆటకు మల్లప్ప, కిష్టయ్యల జోడీ వచ్చింది. ఎదురుగా ఇమ్మానుయేలు మాస్టారు, పాండు. మిగతావాళ్ళంతా చుట్టూ కుర్చీలు లాక్కున్నారు. ఫ్యాను కింద ముక్కలు పడే చప్పుడొక్కటే. కిష్టయ్య వేసే వంతు వచ్చింది. ఏ రంగు వెయ్యాలో తేల్చుకోలేక వేళ్ళు ముక్కల మీద ఆడుతున్నాయి.

అప్పుడు ఆమె నడుము వణికింది.

అమీనాబీ వరండాలోకి వెళ్ళి సంచి విప్పింది. 'భవ్య' అని ఉంది. ఎత్తలేదు. ఆ కబురు తను ముందు వినకూడదనిపించింది. ఫోను ఆగింది, మళ్ళీ వణికింది. ఆట మధ్యలో పేరు పెట్టి పిలిస్తే హాలంతా తిరిగి చూస్తుంది. ఊరికే చాయ్ పెడితే ఆయన చూడనైనా చూడడు. ఒక కప్పు నింపింది. సంచికున్న ఆటీను ఏడు సగాన్ని పిన్నీసు తీసి సాసరులో పెట్టి, ఫోనున్న సంచిని మళ్ళీ నడుముకు కట్టుకుంది. ఆమె లెక్కలో అది పేకముక్క కాదు. ఫోనుకు గుర్తు, అంతే. వెళ్ళి కిష్టయ్య మోచేతి దగ్గర ఉంచింది.

"ఏయ్!" ఇమ్మానుయేలు మాస్టారు కుర్చీ వెనక్కి పడింది. "ఆటీను! ఆటీను ఏసెయ్యమని సైగ! సూడున్రి, సాసర్ల వెట్టి తెచ్చింది!"

అందరూ లేచారు. పొద్దున ఆమె తెరిపించిన డబ్బాలు, జేబులు, మేజోళ్ళు అన్నీ ఇప్పుడు ఆమెను చూశాయి.

"కాపలా పెడ్తె ఇదే దొంగ," అన్నాడు పాండు.

"అమీనాబీ," ప్రేమ్‌సాగర్ గొంతు పెంచలేదు. "గది ఎవలు వెట్టమన్నరు?"

ఆమె చేయి చున్నీ మీదికి పోయింది. నిజం చెబితే ఫోను సంగతి చెప్పాలి. చెప్పకపోతే దొంగ. చున్నీ కింద మూడోసారి వణుకుతోంది. ప్రేమ్‌సాగర్‌కు ఆ చప్పుడు వినపడింది. ఆయన ముఖం మారింది.

కిష్టయ్య తన ముక్కలన్నీ బల్ల మీద బోర్లించకుండా, తెరిచి పరిచాడు. అలా పరిస్తే ఆట పోయినట్టే.

"అరె, గెలిచేది గద కిష్టయ్యా!" అన్నాడు మల్లప్ప.

ఆయన జేబులోంచి తన సగం తీసి సాసరులో ఉన్న సగం పక్కన పెట్టాడు. రంపపు పళ్ళు ఒకదాన్లో ఒకటి కూర్చున్నాయి.

"ఆమె తప్పేం లేదు. గది నా ఫోను," అని బయటికి నడిచాడు.

అమీనాబీ వెనకే వెళ్ళి, వరండాలో సంచి విప్పి ఫోను తీసింది. భవ్య నంబరు తనే నొక్కింది. స్పీకరు మీద పెట్టింది. అవతల మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. మళ్ళీ నొక్కింది. గుమ్మంలో మల్లప్ప, అతని వెనక ప్రేమ్‌సాగర్, వాళ్ళ భుజాల మీదుగా మాస్టారు. స్టేషన్ వైపు ఏదో రైలు కూత వేసి పోయింది. మోగడం ఆగి లైను కలిసింది. ఎవరో ఊపిరి పీల్చుకుంటున్న చప్పుడు మాత్రం వస్తోంది.

"భవ్యా," అన్నాడు కిష్టయ్య. "బిడ్డా."

ఊపిరి చప్పుడు.

"మాట్లాడు బిడ్డా. మీ అమ్మ..."

ప్రేమ్‌సాగర్ ముందుకొచ్చి, మందలించడానికి తెచ్చుకున్న మాటను మింగేసి, వెనుకనున్న కుర్చీని ముందుకు జరిపాడు. కిష్టయ్య కూర్చోలేదు. అప్పుడు అవతలినుంచి, ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన గొంతుతో ఆ పిల్ల పలికింది.

"అమ్మ ఇంతకుముందే పోయింది బాపూ. పోయేముందు నిన్ను పిలుస్తనంటె ఒద్దన్నది. 'ఆట ఒడిసిందా? ఎవలు గెల్చిన్రు?' అని అడిగింది."

లోపల ఖాళీ అయిన బల్ల మీద, ఎవరూ ముట్టని చాయ్ పక్కన, సాసరులో రెండు సగాలూ కలిసిన ఆటీను ఏడు ఫ్యాను గాలికి కొద్దికొద్దిగా విడిపోతోంది.