మచ్చ తీసేసిన ఫోటో

నేను ఒక డిజిటల్ కెమెరాను. ప్రస్తుతం మెట్‌పల్లిలో భూమేశ్ ఫోటో స్టూడియో అద్దాల బీరువాలో, పాత పెళ్లి ఆల్బమ్‌లకీ ఎవరూ కొనని ఫ్రేములకీ మధ్య కూర్చుని ఉన్నాను. నా ఒంటి మీది రబ్బరు జిగురు వదిలి వేలాడుతోంది. మీట నొక్కితే ఒక్కోసారి పలుకుతాను, ఒక్కోసారి పలకను. ముసలివాళ్లకు ఆ మాత్రం హక్కు ఉండాలి.

పుట్టింది పరాయి దేశంలో. నన్ను చేసినవాళ్లు తల నుంచి కాళ్ల దాకా తెల్లబట్టలు తొడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని పనిచేసేవారు. నా లోపల సెన్సర్ అని ఒక పలుచటి పలక ఉంటుంది. వెలుతురు పడేది దాని మీదే. దాని మీద దుమ్ము కణం కూడా పడకూడదని వాళ్ల తాపత్రయం. అంత మర్యాద నాకు మళ్లీ ఎక్కడా దక్కలేదు. భూమేశ్ అయితే లెన్సు విప్పి, పొయ్యి ఊదినట్టు నోటితోనే ఊదేవాడు. ఆ తుంపరలు అక్కడే ఎండిపోయి, ఆ తర్వాత ఏ ఆకాశాన్ని తీసినా అందులో చుక్కలు కనబడేవి. గాలి కొట్టే రబ్బరు బుడ్డి బజారులో దొరుకుతుంది, దానితో చేయవలసిన పని అది. చొక్కా అంచుతో లెన్సు తుడిచేవాళ్ల గురించి నేనసలు మాట్లాడను.

నన్ను మొదట కొన్నది హైదరాబాదులో శ్రీకర్ అనే కుర్రవాడు. కొనే ముందు నెలల తరబడి ఇంటర్నెట్‌లో నా గురించి చదివాడు. పెళ్లికూతురి గురించి కూడా అంత వాకబు చేసి ఉండడు. తీరా నాతోపాటు డబ్బాలో వచ్చిన చవక లెన్సునే చివరిదాకా వాడాడు. చూసేది కన్ను, ఒళ్లు కాదు. ఉన్నదంతా నాలాంటి ఒంటి మీద పెట్టి కంటి దగ్గర పిసినారితనం చూపిస్తే ఫలితం ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. టీ కప్పు తీశాడు, ఆకు మీద వాన చుక్క తీశాడు, ట్రాఫిక్ లైట్లు తీశాడు. ఆరంభశూరత్వం అంటే ఏమిటో నాకు తెలిసింది అతని దగ్గరే. ఆ తర్వాత తోలు సంచిలో పెట్టి బీరువాలోకి నెట్టాడు. వానాకాలం వచ్చింది. తోలుకు చెమ్మ పట్టి, నా లెన్సు లోపల బూజు సాలెపట్టులా అల్లుకుంది. కొత్త చెప్పుల డబ్బాల్లో చిన్న పొట్లాలు వస్తాయే, తినకూడదని రాసి ఉంటాయి, మీరు విసిరి పారేస్తారు. అవి నాలుగు నాతోపాటు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగించి ఉంటే నాకు ఆ జబ్బు వచ్చేది కాదు. బియ్యం డబ్బాలో దాచమని సలహా ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల మాట వింటే ఆ తౌడంతా నా కీళ్లలోకి పోతుంది.

అలా పాత సామాను దుకాణం మీదుగా భూమేశ్ చేతికి వచ్చాను. అతను మరో లెన్సు సంపాదించి తగిలించాడు. నిజం చెప్పాలంటే అతని చెయ్యి మంచిది. మనిషిని కిటికీ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, రెండో వైపు తెల్లటి థర్మాకోల్ అట్ట నిలబెట్టేవాడు. కిటికీ వెలుతురు ఒక చెంప మీద పడి, అట్ట మీది నుంచి తిరిగొచ్చి రెండో చెంపను మెల్లగా తాకేది. ఫ్లాష్ గొడుగులు లేకుండానే మొహం కళకళలాడేది. నేను తీసిన మంచి ఫోటోలన్నీ ఆ స్టూలు మీదివే. కానీ వాటిని అలాగే చూసిన మనిషి లేడు.

ఎందుకంటే భూమేశ్ దృష్టిలో ఫోటో తీయడమంటే సగం పనే. అసలు పని కంప్యూటర్‌లో. ఊరు కూడా అదే కోరుకునేది. నల్లగా ఉన్నవాళ్లను తెల్లగా చేయాలి, ముడతలు పోవాలి, బట్టతల మీద జుట్టు రావాలి. మనిషి చనిపోతే దినాల నాటికి దండ వేయడానికి పెద్ద ఫోటో కావాలి. ఇంటివాళ్లు ఏ పెళ్లి గుంపులోదో ఒక ఫోటో తెచ్చేవారు. భూమేశ్ అందులోంచి తల కత్తిరించి, కంప్యూటర్‌లో తయారుగా ఉన్న నీలం కోటు మీద అతికించేవాడు. బతికినన్నాళ్లూ లుంగీ తప్ప కట్టని మనుషులు పోయాక ఆ కోటు తొడుక్కున్నారు. ఊళ్లో ఏ గోడ చూసినా అదే కోటు, తలలే వేరు.

మార్చండి, వద్దనను. వెలుతురు తక్కువైతే పెంచండి, వంకరగా ఉంటే సరిచేయండి. అయితే మార్చేది నకలు మీద మార్చండి. ముందు అసలు ఫైలును వేరే చోట పెట్టండి, మరొకటి ఇంకో డిస్కులో పెట్టండి, అప్పుడు కూర్చుని మీ ఇష్టమొచ్చినట్టు చెక్కుకోండి. నా దగ్గర రా ఫైలు, అంటే పచ్చి ఫైలు అని ఒక సదుపాయం ఉంది. నేను చూసినదాన్ని వండకుండా దాచిపెడుతుంది. పైన ఎంత రంగు పూసినా అడుగున అసలుది చెక్కుచెదరదు. అది కార్డులో ఎక్కువ చోటు తింటుందని భూమేశ్ ఎప్పుడూ ఆ సదుపాయం జోలికి పోలేదు. మార్చిన ఫోటోను అసలుదాని మీదే సేవ్ చేసేవాడు. అసలు మొహం కావాలని ఎవరూ తిరిగి రాలేదు మరి. ఒక్క మనిషి వచ్చేదాకా అతనికి అది తప్పనే తోచలేదు.

ఆ మనిషి పేరు లస్మవ్వ. బీడీలు చుట్టి ఒక్కగానొక్క బిడ్డను చదివించింది. బిడ్డ పేరు రవళి, ఊళ్లోని ఒక చిన్న బడిలో టీచరు. సంబంధాలు చూస్తున్నామని, పంపడానికి ఒక మంచి ఫోటో కావాలని ఒకరోజు పొద్దున కూతురిని వెంటబెట్టుకుని స్టూడియోకు వచ్చింది.

రవళి ఎడమ చెంప మీద, కంటి కింద మొదలై, చింతగింజ రంగులో పెద్ద పుట్టుమచ్చ ఉంది. స్టూలు మీద కూర్చోగానే అలవాటుగా ఆ చెంపను పక్కకు తిప్పింది. భూమేశ్ గడ్డం పట్టుకోకుండా, వేలితో గాలిలోనే చూపించి నెమ్మదిగా నా వైపు తిప్పాడు. బడిలో కొత్తగా చేరిన పిల్లలు ఏమంటారో ఆమె చెప్పింది.

"ఒకటో తరగతి పిల్లలు పలక తుడిచే గుడ్డ పట్టుకొస్తరు మామా. మేడమ్, మీ చెంపకు సిరా అంటింది, తుడుస్త అంటరు."

చెప్పి తనే నవ్వింది. భూమేశ్ నా మీట నొక్కింది సరిగ్గా అప్పుడే. కిటికీ వెలుతురు ఎడమ చెంప మీద ఉంది. మచ్చ, కంటి కింద ముడత, పై పెదవి చివర నవ్వు, అన్నీ నాలో పడ్డాయి. నా జన్మలో నేను తీసిన మంచి ఫోటోల్లో అది ఒకటి అని ఇప్పటికీ అనుకుంటాను.

భూమేశ్ దాన్ని కంప్యూటర్‌లో పెద్దది చేసి చూపించాడు. లస్మవ్వ దగ్గరగా వంగి చూసింది.

"మంచిగనే వచ్చింది తమ్మీ. గా మచ్చొక్కటి కనవడకుంట జెయ్యి."

"తీసేస్తే ఎట్లనే అమ్మా" అంది రవళి. "రేపు వచ్చినోళ్లు నన్ను గుర్తువడ్తరా?"

"నువ్వు సప్పుడు జెయ్యకు. ముందు రానీ, వచ్చినంక చూద్దాం."

భూమేశ్ పక్కనున్న మంచి చర్మాన్ని అరువు తెచ్చి మచ్చ మీద కప్పాడు. తర్వాత అలవాటు కొద్దీ మొహమంతా నున్నగా చేశాడు. ముడత పోయింది, నవ్వులో సగం పోయింది. చర్మం నున్నగా చేసే మీటను కొంచెం మాత్రమే జరపాలి, అతను చివరిదాకా జరిపేవాడు. పని అయ్యాక అసలు ఫోటో మీదే సేవ్ కొట్టాడు. కార్డు ఖాళీ చేసి మర్నాడు మరో పెళ్లికి నన్ను తీసుకుపోయాడు.

ఆ ఫోటో చూసి కోరుట్ల నుంచి ఒక సంబంధం వాళ్లు వచ్చారు. పిల్లను చూశారు, చాయ తాగారు, మళ్లీ చెప్తామని లేచారు. ఫోటోలో ఒకటి, ఇంట్లో ఒకటి చూపించారని మధ్యవర్తితో అనిపించారు. లస్మవ్వ ఈ సంగతి చుట్టిన బీడీలు తీసుకుపోతూ రోడ్డు మీది నుంచే భూమేశ్‌తో చెప్పింది. అతను ఇంకో సంబంధం వస్తుందిలే అన్నాడు. రవళి ఆ తర్వాత స్టూడియో ముందు నుంచి బడికి పోయేటప్పుడు మొహానికి స్కార్ఫ్ చుట్టుకునేది. ఎండలకే అనుకున్నాను. చలికాలంలో కూడా చుట్టుకుంది.

ఇంతలో భూమేశ్ కొత్త కెమెరా కొన్నాడు. కొత్త ఒక వింత, పాత ఒక రోత. నన్ను అద్దాల బీరువాలో అలంకారానికి పెట్టాడు. అక్కడి నుంచి వీధి, స్టూలు, కంప్యూటర్ అన్నీ కనబడతాయి. పని లేనివాడికి అంతకన్నా ఏం కావాలి.

వానాకాలంలో ఊరంతా డెంగీ జ్వరాలు. రవళికీ వచ్చింది. కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపోయారని ఒకరోజు విన్నాను. తిరిగి తీసుకొచ్చారని ఇంకో రోజు విన్నాను. ఎలా తీసుకొచ్చారో భూమేశ్ మొహం చూస్తే అర్థమైంది. స్టూడియో షట్టరు సగానికి దించి లోపలే కూర్చున్నాడు.

లస్మవ్వ బిడ్డ దినాలకు ముందు వచ్చింది. భూమేశ్ ఆమె అడగకముందే సంబంధానికి చేసిన ఫోటోను కంప్యూటర్‌లో తెరిచి పెట్టాడు. ఆమె దాని వైపు చూసింది.

"ఇది వద్దు తమ్మీ. మచ్చ ఉన్నది ఇయ్యి."

అతను మౌస్‌తో పాత ఫోల్డర్లు ఒక్కొక్కటీ తెరిచి మూశాడు.

"ఫోన్ల చూసిన. ఒక్కదాంట్ల గూడ లేదు. పోరి ఆ చెంప దిప్పి దిగేది. లేకుంటే ఫోనే తెల్లగ జేసేది. ఆధార్ కార్డుల మొకమంత నల్లగున్నది, మచ్చ ఏదో కన్ను ఏదో ఎర్కయితలేదు. నీ దగ్గర ఉంటదని వచ్చిన."

"అక్కా, అది... నేను దాచలేదే."

లస్మవ్వ స్టూలు మీద కూర్చుంది. రవళి కూర్చున్న స్టూలే.

"నేనే తియ్యిమన్న" అంది. "ఇప్పుడు నేనే పెట్టుమంటున్న. ఎట్లన్న జెయ్యి."

చేశాడు పాపం. మౌస్ పట్టుకుని చింతగింజ రంగు కలిపి చెంప మీద గీశాడు. లస్మవ్వ ఎదురుగా కూర్చుని తన చెంప మీద వేలు పెట్టి ఎక్కడో చూపించింది. అతను అద్దంలో చూసినట్టు చూసి, రెండో చెంప మీద గీశాడు. అది కాదంది. చెరిపి ఇటు గీశాడు. ఇంకా కిందికి అంది. కొంచెం పెద్దది అంది. అంచు అంత గుండ్రంగా ఉండదంది. చిన్నప్పుడు స్నానం చేయించేటప్పుడల్లా నలుగు పిండితో రుద్ది రుద్ది చూసేదట, పోతుందేమోనని. అందుకే తన వేళ్లకు అది బాగా తెలుసంది. కానీ వేళ్లకు తెలిసింది నోటితో చెప్పలేకపోయింది. భూమేశ్ ఎంత గీసినా నున్నటి బొమ్మ మొహం మీద మట్టి అంటినట్టే ఉంది.

"గిది ఎవరో పిల్ల" అని లస్మవ్వ మొహం తిప్పుకుంది.

బీరువాలో కూర్చుని నాకు ఎంత బాధేసిందో చెప్పలేను. ఆ మచ్చను సరిగ్గా చూసినవాళ్లలో నేనొకదాన్ని. కానీ నాకు జ్ఞాపకం లేదు. మాలాంటి వాళ్ల జ్ఞాపకమంతా కార్డులో ఉంటుంది, కార్డు యజమాని చేతిలో ఉంటుంది.

అప్పుడు భూమేశ్ లేచి వచ్చి బీరువా తెరిచాడు. నా పక్క తలుపు తీశాడు. నన్ను పక్కన పెట్టేనాటికి నా కడుపులో ఉన్న కార్డు అక్కడే ఉంది, ఆనాటి కార్డే. ఖాళీ చేసిన కార్డు నిజంగా ఖాళీ కాదు. పేర్లు మాత్రమే చెరిగిపోతాయి, పాత ఫోటోలు లోపలే ఉంటాయి, కొత్తవి వచ్చి పైన పడేదాకా. అందుకే ఫోటోలు పొరపాటున పోతే ఆ కార్డుతో మరొక్క ఫోటో కూడా తీయకూడదు, కార్డును బయటికి లాగి, పోయినవాటిని వెలికితీసే సాఫ్ట్‌వేర్‌తో వెతకాలి. రవళి ఫోటో తర్వాత భూమేశ్ దాని మీద చాలా పెళ్లిళ్లు తీశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా పట్టుకున్నాడు.

కంప్యూటర్ చాలాసేపు వెతికింది. ఎవరివో తలంబ్రాలు వచ్చాయి, ఎవరివో భోజనాల బంతులు వచ్చాయి. లస్మవ్వ ఒక్కోటి పోతుంటే చూస్తూ కూర్చుంది, మంచినీళ్లు ఇస్తే కూడా తాగలేదు. చివరికి రవళి వచ్చింది.

సగమే వచ్చింది. పాపిట, నుదురు, కళ్లు, కళ్ల కింద ముడత. ముక్కు మధ్య దాకా వచ్చి గీత గీసినట్టు ఆగిపోయింది. కిందంతా ఉత్త బూడిద రంగు, అక్కడ ఏ పెళ్లో వచ్చి కూర్చుంది. ఎడమ కన్ను కింద, ఆ గీతకు ఆనుకుని, మచ్చ పై అంచు గోరంత కనబడుతోంది.

లస్మవ్వ లేచి వెళ్లి ఆ అంచు మీద బొటనవేలు పెట్టింది. వేలితో మెల్లగా దాని వెంట పోయింది, బూడిద రంగులోకి కూడా పోయి, ఎక్కడిదాకా ఉండాలో అక్కడిదాకా గుండ్రంగా తిప్పింది. తిప్పుతూ ఏడ్చింది. ఇక్కడికి వచ్చిన తర్వాత ఆమె ఏడవడం అదే మొదలు.

భూమేశ్ కళ్లు తుడుచుకుని మౌస్ అందుకున్నాడు.

"కింది సగం ఆ సంబంధం ఫోటోలకెళ్లి తెచ్చి అతికిస్త అక్కా. అతుకు గూడ కనవడది."

"వద్దు."

"సగం మొకమే గదనే. దినాల నాడు పదిమంది వస్తరు, ఏమనుకుంటరు?"

"అనుకోని. నా బిడ్డ గంతనే మిగిలింది. నువ్వు ఏం జెయ్యకు తమ్మీ, గట్లనే ఇయ్యి."

అతను మౌస్ మీది నుంచి చెయ్యి తీసేశాడు. ప్రింటర్ ఆ నుదుటిని, కళ్లను, గోరంత మచ్చను మెల్లగా కాగితం మీదికి దించింది. తర్వాత చాలాసేపు బూడిద రంగునే దించింది. భూమేశ్ కత్తెర తీసుకుని, కింది భాగమన్నా తీసేస్తానన్నాడు. ఆమె కాగితాన్ని అతని చేతిలోంచి తీసుకుని, కత్తిరించనివ్వకుండా మొత్తం కొంగులో చుట్టుకుపోయింది.