లేరండీ

గేటు బాబాయ్ చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే వంటింట్లోంచి భార్య కేకేసింది.

"ఉన్నారా, వెళ్లిపోయారా?"

"లేరండీ," అనేసి నాలిక్కరుచుకున్నాడు. నాయకుడి గేటు దగ్గర ముప్ఫై ఏళ్లుగా అదే మాట చెప్పీ చెప్పీ నాలుక దానికే అలవాటుపడింది.

"లేని మనిషికి టిఫిన్ డబ్బా ఎందుకో!" అంటూ ఆవిడ డబ్బా చేతికిచ్చింది. ఎడమ భుజం లాగుతున్న సంగతి ఆయన చెప్పలేదు. చెబితే వెళ్లనివ్వదు.

గేటు పక్కన ఇనప స్టూలు, ఎదురు గోడ మీద నాయకుడి నిలువెత్తు బొమ్మ. కింద 'ప్రజలే నా కుటుంబం' అని రాసుంది. ఆయన లంచం ముట్టడని లోకం కోడై కూస్తుంది. అది నిజమే. పెళ్లే చేసుకోలేదన్నది మాత్రం అబద్ధం. ఆ అబద్ధం ప్రతి సోమవారం పదింటికి గేటు దాకా నడిచొచ్చేది.

ఆవిడ టైలరమ్మ. మిషను తొక్కి ఆయన్ని చదివించిన భార్య. డబ్బు అడగదు. నలుగురిలో ఒక్కసారి తన భార్యేనని అంటే చాలంటుంది.

ఆ రోజు గేటు ఊచ పట్టుకుని నిలబడింది. మనిషి సగమైపోయింది.

"ఉన్నారా బాబాయ్? ఇంక రాలేను. ఇదే ఆఖరు."

అలవాటైన మాట పెదవి దాకా వచ్చి ఆగిపోయింది. సిగ్గేసింది ఆయనకు.

"ఉన్నారమ్మా," అని గేటు బార్లా తీశాడు.

ఐదు నిమిషాల్లో ఆవిడ తిరిగొచ్చింది. "'ఎవరమ్మా నువ్వు?' అన్నారు, అందరి ముందూ," అంది. గేటు దాటుతూ, "పోనీలే. నువ్వైనా నిజం చెప్పావు," అంది.

వెనకాలే సెక్రెటరీ వచ్చి రేపట్నుంచి రావద్దన్నాడు. బాబాయ్ డబ్బా విప్పకుండానే ఇల్లు చేరాడు. అంతా భార్యకు చెప్పాడు. "మంచి పని చేశారు," అందావిడ. అలిసిపోయానని పడుకున్నాడు. సాయంత్రం టీ పట్టుకుని లేపబోతే ఒళ్లు చల్లగా తగిలింది.

ఆవిడింకా గ్లాసు పట్టుకునే ఉంది. తలుపు చప్పుడైంది. సెక్రెటరీ.

"బాబాయ్ ఉన్నాడా? ఆ టైలరమ్మ విలేకరుల దగ్గరికెళ్లింది. ఆవిణ్ణెప్పుడూ చూళ్లేదని మనవాడొక్క మాట చెప్పాలి. ఉద్యోగం మళ్లీ ఇస్తారులే."

"లేరండీ," అందావిడ.

సెక్రెటరీ నవ్వాడు. "మా మాట మాకే చెబుతావేంటమ్మా? చెప్పులిక్కడే ఉన్నాయిగా!"

ఆవిడ అటు చూసింది. గుమ్మం పక్కన ఆయన చెప్పులు, మడమల దగ్గర అరిగిపోయి, ఇంట్లోకే తిరిగి ఉన్నాయి.