పైడిరాజు ఒప్పుకున్న మాట

నేను ఒక సెన్సర్‌ని. కారు వెనక బంపర్‌లో రూపాయి బిళ్ళంత గుండ్రంగా కనిపిస్తానే, దాన్ని. మేం నలుగురం అన్నదమ్ములం. నేను మూడోవాణ్ణి, నోరు మాత్రం అందరికంటే నాదే పెద్దది. కారు వెనక్కి కదలగానే మీకు వినపడని కూత ఒకటి వేస్తాను. అది దేనికైనా తగిలి తిరిగొస్తే, లోపల డ్రైవరు చెవి దగ్గర టీటీటీ అని మొత్తుకుంటాను. అదీ నా ఉద్యోగం.

ఫ్యాక్టరీలో నన్ను ఎండలో, వానలో, దుమ్ములో పెట్టి పరీక్షించారు. పూజలో పరీక్షించడం మరిచిపోయారు. విశాఖపట్నంలో కారు కొన్న రోజు పూజారిగారు మా గుండ్రటి మొహాలు చూసి ముచ్చటపడి, తలా ఒక బొట్టు దట్టంగా పెట్టారు. పైనుంచి బంతిపూల దండ వేలాడదీశారు. అది వాడిపోయేదాకా బండి వెనక్కి తీసినప్పుడల్లా నేను గగ్గోలే. కొత్తది కదా, హుషారుగా ఉందని మురిసిపోయారు మా యజమానురాలు విజయశారద గారు.

ఆవిడ బ్యాంకు మేనేజరు, అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శి. యాభయ్యో ఏట డ్రైవింగ్ నేర్చుకున్నారు. ఇంట్లో ఎవరి మాటా వినని మనిషి నా మాట వినేవారు. ఆవిడంటే నాకు ప్రాణం.

నా ప్రాణం తీసేవాడు మాత్రం వాచ్‌మన్ పైడిరాజు. పదిహేనేళ్ళుగా మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో కార్లన్నీ వెనక్కి పెట్టించింది అతనే. చెయ్యి ఊపుతూ "రానీండమ్మా, రానీండి" అంటాడు. గోడకి బెత్తెడు దూరం ఉండగా డిక్కీ మీద చరుస్తాడు. నేను గొంతు చించుకుంటున్నా రానీండి అంటూనే ఉంటే ఒళ్ళు మండదా మరి?

ఒకరోజు సంఘం సమావేశం మా పక్కనే జరిగింది. అన్ని కార్లకీ సెన్సర్లున్నాయి, గేటుకి బటన్ పెట్టిద్దాం, వచ్చే నెల నుంచి వాచ్‌మన్ అక్కర్లేదన్నారు విజయశారద గారు. పైడిరాజు, భార్య అప్పలనర్సమ్మ మెట్ల కింద గది ఖాళీ చెయ్యాలి. ఇకమీదట తన బండి వెనక నిలబడి అరవొద్దని కూడా అతనికి చెప్పారు. దాచుకోవడమెందుకు, నాకు పండగలా అనిపించింది.

నెలాఖరు ఆదివారం. సెల్లార్ నేలలో ఉన్న నీళ్ళ సంపు కడిగేవాళ్ళు మూత తీసిపెట్టి, పైపు తేవడానికి బయటికెళ్ళారు. అప్పుడే విజయశారద గారు కారు వెనక్కి తీశారు. నేను కూత వేశాను. తిరిగి రాలేదు. గొయ్యిలోకి పోయిన కూత నాకు తిరిగి రాదండీ. తిరిగి రాకపోతే దారి ఖాళీ అనే నా లెక్క. నోరు మూసుకుని కూర్చున్నాను. ఆవిడ ధైర్యంగా వస్తున్నారు.

మెట్ల దగ్గర పైడిరాజు గిన్నెలు గోనెసంచిలో సర్దుకుంటున్నాడు. అరవొద్దన్న మాట గుర్తుండే ఉంటుంది. ఊరుకుంటే వాచ్‌మన్ ఎందుకో అందరికీ తెలిసొచ్చేది. సంచి వదిలేసి పరిగెత్తుకొచ్చి డిక్కీ మీద దబదబా బాదాడు.

"ఆపండమ్మా. సంపు తెరిసుంది."

చక్రానికీ గొయ్యికీ మధ్య జానెడు. ఆవిడ దిగి చూసి, మెట్ల మీద కూలబడ్డారు. అప్పలనర్సమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, గోనెసంచి వైపు చెయ్యి చూపించారు.

"పైడిరాజూ, ఆ సామాను లోపల పెట్టుకో."

సిగ్గుతో చచ్చిపోయాను. అంతటితో నా మాటకి విలువ పోయింది. నేను అరిస్తే చాలు, ఆవిడ అద్దం దించి "పైడిరాజూ, నిజమేనా?" అని అడుగుతారు. అది అలాగే అంటాదమ్మా, రానీండి అంటాడతను. ఎన్ని నెలలు పడ్డానో ఈ అవమానం.

మొన్న సాయంత్రం అతను కుడివైపు నిలబడి రానీండి అంటున్నాడు. నేను అరిచాను. ఆవిడ అలవాటుగా అడిగారు. అతను చెయ్యి ఊపబోయి ఎందుకో ఆగి, వెనక నుంచి ఎడమవైపు, నా దగ్గరికి వచ్చి వంగి చూశాడు. స్తంభం చాటున ఎవరిదో కొత్త మోటారు సైకిలు, నాకు అడుగు దూరంలో ఉంది. ఆవిడకి కనపడదు. అతను తన తప్పు చెప్పకుండా మెల్లగా దాన్ని పక్కకి జరిపేసినా అడిగేవాళ్ళు లేరు.

"నిజమేనమ్మా," అన్నాడు పైడిరాజు. "నాను సూడనేదు. అదే సూసింది."